సెలవులలో పరదేశపు బడి

గత మాసమున మాకు చేరిన లేఖలలో నొకదానికి రెండు పంక్తులలో సమాధానము వ్రాసి విడుచుట న్యాయము గాదని తోచి, ఈ మాసపు పుటల నన్నిటిని దానికే వినియోగించుచున్నాము. ఆ లేఖ వ్రాసిన సోదరి ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని. వేసవి సెలవులలో అయిదారు వారములు విదేశమునకు పోయి, అచ్చటి తెలుగు పిల్లలకు జీతము గోరక చదువు చెప్పి రావలెనని ఆమె కోరిక. అత్తగారికి సమ్మతము లేదు. భర్త "నీ యిష్టము" అని ఊరకున్నాడట. ఈ "నీ యిష్టము" అను మాటలో నెన్ని యర్థములు గలవో మన సోదరీమణులకు మేము వివరింప నక్కరలేదు. "ఇది సేవ యగునా, సరదా యగునా? మీరు ఒకమారు పోయి వచ్చినవారు గదా, ఉన్నమాట వ్రాయుడు" అని ఆమె యడిగినది.

మనుచరిత్రములోని ప్రవరుని కథ మీ రెరిగినదే. దూరదేశములనుండి యతిథి వచ్చిన చాలును, ఏయే క్షేత్రములు చూచితిరి, ఏయే నదులలో స్నానము చేసితిరి అని యడిగి యడిగి, చూడలేకపోతిగదా యని నిట్టూర్చెడి గృహస్థు. సిద్ధుడొకడు పాదములకు లేపనము పూయగా హిమాలయమునకు పోయినాడు. మంచునీటికి లేపనము కరగినది, ఇంటిత్రోవ తెలియలేదు. మా తండ్రిగారు ఈ ఘట్టమును చెప్పునప్పు డెల్ల వరూధిని వృత్తాంతముపై దృష్టి నిలిపెడివారు. మాకు మాత్రము చిన్ననాటనే యొక సందేహము: ఎంతమంది యతిథులు వచ్చినను విసుగక వండి పెట్టెడి యా యిల్లాలికి ఒకమాట చెప్పి పోయెనా, లేదా? పరదేశమునకు పోయి సెలవులలో బడి చెప్పువారిలో నీ పాదలేపనపు తెగవారు కొందరు గలరు. దూరము చూడవలెనను కోరిక తప్పు గాదు. ఆ కోరికకు సేవ యని పేరు పెట్టుకొన్నపుడే చిక్కు.

మొదట, ఆ పిల్లలు అంత దూరమున కెట్లు చేరిరో చెప్పవలెను. బ్రిటిషు వలసలలో దాస్యము రద్దు చేయుటకు 1833లో చట్టము వచ్చినది. చెరకుతోటలకు పనివారు కావలసివచ్చిరి. మారిషస్ ద్వీపమునకు 1834 మొదలుగా ఒప్పందపు కూలీలుగా మనదేశపు జనమును తరలించిరి. ఇరువదవ శతాబ్దారంభము వరకు అట్లు చేరినవారు సుమారు 4,50,000 మంది. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల తెలుగువారును గలరు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన కారణమున బర్మాలో మనవారికి "కోరంగీలు" అను పేరు స్థిరపడినది. ఆ రేవును 1839 నాటి తుపాను ముంచివేసినది. పేరు మాత్రము సముద్రము దాటి బ్రతికినది. నేటాలునకు 1860లోను, ఫిజీకి 1903 తరువాతను, మలయా రబ్బరుతోటలకును ఇట్లే పోయిరి. మారిషస్ రాజధానియైన పోర్టులూయీలో కూలీలు దిగి పైకెక్కిన రాతిమెట్లు పదునారు నేటికిని నిలిచియున్నవి. ఆప్రవాసీ ఘాట్ అను నా స్థలమును 2006లో ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. మేము ఆ మెట్లయొద్ద నిలిచినపుడు మాకు ఏమియు గంభీరమైన భావము కలుగలేదు. మెట్లు మిక్కిలి చిన్నవిగా నున్నవనియు, చంకను పిల్లను, చేత మూటను బట్టుకొని స్త్రీలు వీనిపై నెట్లెక్కిరో యనియు మాత్రమే తోచినది.

ఆ ద్వీపమున తెలుగువారు భాషను ఊరక విడువలేదు. 1947లో ఆంధ్రమహాసభ నేర్పరచుకొనిరి. ఉగాది యచ్చట దేశమంతటికిని సెలవుదినము. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు కోరిన పిల్లలకు తెలుగు చెప్పుదురు. మోకాలో 1970లో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థయందు తెలుగు శాఖ గలదు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభ 1990లో అచ్చటనే జరిగినది. ఇన్నియు గలిగినను, ఇంటిలో తల్లి బిడ్డను పిలుచు భాష క్రెయోలు. పత్రికలు చదువు భాష ఫ్రెంచి. కచేరి భాష ఇంగ్లీషు. ఇల్లు "లకాజ్", నీరు "దిలో". తెలుగు అచ్చట మందిరమున దీపము చుట్టును కూర్చుండి చేయు రామభజనలో నున్నది, సింహాద్రి యప్పన్న పూజలో నున్నది, అమ్మోరు పండుగలో నున్నది, బడిలో కొన్ని గడియలున్నది. వంటయింటినుండి మాత్రము వెడలిపోయినది. వంటయింట లేని భాషను బడిలో నిలుపుట యెంతటి పనియో మీరే యోచింపుడు.

రెండేండ్ల క్రిందట వేసవిలో మాయింటివారును మేమును అట్టి యొక గ్రామపు సమాజమువారి పిలుపుపై పోయి యయిదు వారము లుంటిమి. మనకు ఏప్రిలు చివరనుండి జూను రెండవ వారమువరకు సెలవులు. వారికి బడియేడు జనవరిలో మొదలగును గాన, మన సెలవులలో వారి బడులు నడుచుచుండును. ఇది యొక యనుకూలము. మన కచ్చట రోహిణికార్తె యెండలు మండుచుండగా, వారికి చలికాలము ప్రవేశించును. చెరకు వెన్నువేసి తెల్లగా నుండును. అయిదున్నర దాటగానే చీకటి. ఆ చీకటివేళ మందిరపు వసారాలో బడి. ఇరువది యిద్దరు పిల్లలు. చెప్పు ఉపాధ్యాయిని పగలు ఒక బట్టల కర్మాగారమున లెక్కలు వ్రాయు నుద్యోగిని. ఆమె తెలుగు ఉన్నత పాఠశాల వరకు చదివినది, పుస్తకము తెలుగు, పలుకునప్పుడు ప్రతిమాటను చేతితో తడవి చూచుకొన్నట్లు పలుకును. పదునొకండేండ్లుగా ఉచితముగా చెప్పుచున్నది.

మొదటిదినమున మాయింటివారు నల్లబల్లపై "అ" వ్రాయబోగా, పిల్లలందరు వ్రాయక మునుపే యేకకంఠముగా "అ, ఆ, ఇ, ఈ" అని "ఱ" వరకు చదివివేసిరి. సంతోషించి, "ఇక నేదైన చిన్న వాక్యము చదువుడు" అని యడుగగా, ఒక్కరును నోరు విప్పలేదు. ఆ రాత్రి భోజనానంతరమున ఉపాధ్యాయిని మాతో మెల్లగా నన్నది: "అమ్మా, మా పిల్లలకు 'అ' నేర్పుటకు అయిదుగురు వచ్చినారు. వాక్యము వరకు ఎవరును ఉండలేదు."

సోదరీమణులారా, మీరు పోదలచినచో ఈ మాటను మూటలో గట్టుకొని పొండు. ఒకయేట నొకరు వచ్చుదురు. మూడు వారములుందురు. తమ కలవాటైన చోట, అనగా ఓనమాలయొద్ద, మొదలు పెట్టుదురు. పిల్లల కంతకు మునుపేమి వచ్చునో అడుగరు. గుణింతము సగమునకు రాగానే విమానపు దినము వచ్చును. పూలమాలలు, ఛాయాపటములు, కన్నీరు. మరుసటి యేడు మరియొకరు, మరల "అ". వీరి నడుమ నేడాదికి నలువదితొమ్మిది వారములు ఆ బడిని మోయు స్త్రీని ఛాయాపటమున ప్రక్కను నిలువబెట్టుదురు.

అంతకంటె గట్టి కీడు మరియొకటి జరిగినది. పూర్వము వచ్చిన యొక యతిథి, పేరు మాకు తెలిసినను వ్రాయము, మిక్కిలి శ్రద్ధ గలవాడేనట. పిల్లల యెదుటనే ఉపాధ్యాయిని యుచ్చారణమును దిద్దెడివాడు. ఊరిలోని యొక ముసలమ్మ "అమ్మోరు" అనినచో "అమ్మవారు" అనవలెననియు, "సల్ది" అనినచో అది మోటమాట యనియు చెప్పెడివాడు. ఆ ముసలమ్మ ఎనుబదియేండ్లది. ముత్తవ్వ నోట వినిన యిరువది ముప్పది శ్రీకాకుళపు మాటలు ఆమెయొద్ద మిగిలియున్నవి. ఊరిలో పుస్తకమునకు రాని తెలుగంతయు అదియే. అతడు పోయిన తరువాత ఆమె పిల్లల యెదుట నా మాటలు పలుకుట మానినది. మేము పోయినపుడు సయితము, "నాది మంచి తెలుగు కాదమ్మా" అని క్రెయోలులోనే యన్నది. ఉపాధ్యాయిని మాకు చెప్పినది. నూటయేబదియేండ్లు చెరకుతోటలు చేయలేని పనిని ఒక పండితుడు మూడు వారములలో చేసి పోయినాడు. లాల్‌దర్వాజా బోనాలనాడు మా వీధిలో నెవ్వరిని పిలిచి "అమ్మోరనకుడు" అని దిద్దుదురు? అచ్చట దిద్దలేని దానిని అంత దూరము పోయి దిద్దనేల?

మేమేమి చేసితిమో చెప్పుదుము. గొప్పగా నేమియు గాదు. మాయింటివారు ఉపాధ్యాయుడు గాన ముందు నిలుచుట యలవాటు. ఆ మరుసటి దినమునుండి వెనుక బల్లపై కూర్చుండిరి. బడి ఆమె చెప్పును; పలకలు మేము దిద్దుదుము. పిల్లలు పోయిన తరువాత గంటసేపు ఆమె యడుగును, మేము చెప్పుదుము. "ఇల్లు" "ఇండ్లు" ఎందుకైనది? "రాముడు" "రాముని" యగునపుడు "డు" యెచ్చటికి పోయినది? బాలవ్యాకరణము చిన్ననాట చెంపదెబ్బలతో చదివినదానికి మాకు మొదటిమారుగా ప్రయోజనము కనబడినది. పదునొకండేండ్లుగా ఆమె దాచుకొన్న ప్రశ్నలు ఒక నోటుపుస్తకము నిండ నుండెను. వానికి సమాధానము చెప్పు మనిషి యామెకు దొరకలేదు. వచ్చినవారందరు పిల్లలకొరకు వచ్చినవారు.

ముసలమ్మయొద్దకు పిల్లలను నలుగురు నలుగురుగా పంపి, ఒక్కొక్క మాట తెచ్చుకొని పలకపై వ్రాయుమని చెప్పుట ఉపాధ్యాయిని యుపాయము, మాది గాదు. మొదటిదినము ఆమె యియ్యలేదు. రెండవదినము "బువ్వ" యిచ్చినది.

ఇచ్చట భాషాబోధనకు సంబంధించిన రెండు సంగతులు వ్రాసెదము. అమెరికాలోనో, మరియొక దేశములోనో మనుమలు గలవారికిని ఉపయోగపడవచ్చును. క్రెయోలులో మన తాలవ్య జకారమునకు బదులు నాలుక ముందుకు వచ్చిన ధ్వని యెక్కువ. అందువలన ఆ పిల్లలు "జయము" అనుటకు చిక్కుపడుదురు; "జొన్న" అనుట మాత్రము మనకంటె చక్కగా పలుకుదురు. మన వ్యాకరణములు దంత్యజకారమునకు వేరుగుర్తు పెట్టి "ౙొన్న" అని వ్రాయుమనినవి. మన పిల్లలు దానిని మరచిరి, వారికది పుట్టుకతో వచ్చినది. ఈ సంగతి చెప్పగా ఉపాధ్యాయిని మొగము వికసించినది. తమ నోట దోషమనుకొన్నది సగము దోషము గాదని తెలియుట చిన్న సంతోషము గాదు. ళకారము మాత్రము వారికి కఠినము. "కళ"యు "కల"యు ఒక్కటే యగును. ఇట్టిచోట పదిమారులు "ళ, ళ" అని చెప్పించుటకంటె, రెండర్థములు గల రెండు బొమ్మలు గీసి, ఏది పలికితిమో వేలితో చూపుమనుట మేలు. చెవి వేరుపరచిన తరువాతనే నాలుక వేరుపరచును.

రెండవది "మేము", "మనము". మనభాషలో "మేము" అనినచో వినువారు వెలుపల. "మనము" అనినచో వినువారును లోపల. క్రెయోలున రెండింటికిని "నూ" యను నొక్కటే మాట. ఈ భేదము చెప్పుటకు నాలుగు సాయంకాలములు పట్టినది. పదేండ్ల బాలిక యొకతె పలకపై "మేము తెలుగువారము" అని వ్రాసి మాకు చూపినది. వ్యాకరణమున తప్పులేదు. ఉపాధ్యాయిని వంగి, "ఈ యమ్మగారు తెలుగువారు కారా?" అని యడిగినది. పిల్ల కొంచెము యోచించి, "మే" మాత్రము తుడిచి "మన" అని వ్రాసినది. తరువాత మాకేసి చూచి, సరియేనా యని కనుబొమలతో నడిగినది. మేము బదులు చెప్పుటకు కొంత ఆలస్యమైనది.

ఇక నింటి సంగతి. ఈ సోదరి యత్తగారి నిరాకరణమును మేము తేలికగా దీసివేయము. మేము పోయినది ఆవకాయ వేళ. మిరపకాయలు దంపించి, నూనె తెప్పించి, కాయలు కొట్టించవలసిన దినములలో ఇల్లు విడిచిన కోడలిని మా గౌలిపురా వీధిలో నేమనిరో మాకు తెలియును. మా యమ్మాయికి అప్పుడు తొమ్మిదవ యేడు, నాయనమ్మయొద్ద విడిచితిమి. మా యత్తగారు పోవలదనలేదు, "ఎవరి పిల్లలకో చదువు చెప్పుటకు మన పిల్లను విడిచిపోవుదురా?" అని యొక్కమా రడిగిరి. ఈ ప్రశ్నకు సమాధానము లేదు. ఖర్చు మాత్రము చెప్పగలము: అయిదు వారములలో పిల్ల నాయనమ్మయొద్ద రెండు పాటలు నేర్చినది, అన్నము సరిగా తినలేదు, మేము ఫోనులో మాటలాడినపుడు రెండవ వారమునుండి ముక్తసరిగా బదులు చెప్పినది. వచ్చిన తరువాత దినములు పట్టినది మునుపటివలె నగుటకు. పురుషుడు పోయినచో ఈ లెక్క యెవరును వేయరు. స్త్రీ పోయినచో అందరును వేయుదురు. అట్లని లెక్క అబద్ధము గాదు. చిన్నపిల్లలు గలవారు అయిదు వారములు పోవుటకంటె, రెండేండ్లు ఆగి పిల్లను వెంటబెట్టుకొని పోవుట మేలని మా యభిప్రాయము. ఆ సోదరి తన పిల్లల వయస్సు వ్రాయలేదు.

"మన ఊరిలో తెలుగు రాని పిల్లలు లేరా, సముద్రము దాటవలెనా?" అని మరికొందరందురు. ఉన్నారు. మా పాతబస్తీలో పిల్లలు వీధిలో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, నాయనమ్మతో తెలుగు మాటలాడుదురు. తెలంగాణమున అన్ని బడులలో తెలుగు చెప్పవలెనని 2018లో చట్టము చేయవలసివచ్చినది. మా వాకిలి యెదుటింటి సోదరి ఉర్దూ మాతృభాషగా గలది. కుమారునికి తెలుగు పాఠము చెప్పించుకొనుటకు వారమునకు మూడు సాయంకాలములు మాయింటికి పంపును. ఆమెయు ప్రక్కను కూర్చుండి వినుచు, ఇప్పుడు బస్సుల పలకలు తానే చదువును. కాని మే మొకటి గమనించితిమి. "మన ఊరిలో లేరా" యనువారిలో ఊరిలోని పిల్లల కొక యక్షరము చెప్పినవారు మిక్కిలి తక్కువ. ఊరిలో చెప్పువారే ఊరు దాటి పోయిరి గూడ.

ఈ నగరచరిత్రయే సాక్ష్యము. 1921లో హైదరాబాదున వివేకవర్ధని నాటకశాలలో కార్వే గారి యధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభలోనివారు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సంఘమున ముఖ్యులైన మాడపాటి హనుమంతరావుగారి పూనికతో 1928లో తెలుగు బాలికల బడి వెలసినది. తెలుగున చదువు చెప్పు బడికి నిజాము సర్కారు గుర్తింపు దొరకక, ఆ బాలికలు పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు కూర్చుండవలసివచ్చినది. దూరమున నున్నవారు చేయి యందీయకున్న మన నగరమున తెలుగు బాలికల చదువే కుంటుపడియుండెడిది. అట్టి నగరమువారము దూరపు పిల్లలకు చేయి యందించుట వింత గాదు.

అమెరికాలోని సోదరీమణుల సంగతి వేరు. సిలికానాంధ్రవారు 2007లో మొదలిడిన మనబడిలో చెప్పువారు చాలవరకు ఆ పిల్లల తల్లిదండ్రులే. వారాంతమున తమ విరామమును విడిచి ఉచితముగా చెప్పుదురు. 1985లో మన హైదరాబాదున స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయమువారు ఆ పిల్లలకు పరీక్షలు జరిపి యోగ్యతాపత్రము లిచ్చిరి. కుమార్తె పురిటికి పోవు తల్లులు మన ఇండ్ల నెందరో గలరు. ఆరునెలలు నాలుగుగోడల నడుమ మంచు చూచుచు కూర్చుండుటకంటె, అట్టి బడిలో పిల్లలకు కథ చెప్పుట వారికిని మంచిది. అయితే వారి బడియేడు సెప్టెంబరునుండి వేసవి మొదటివరకు. వేసవిలో పోయినచో బడి మూసియుండును.

ఇప్పుడు కొంత కఠినముగా వ్రాయవలసియున్నది. ఆ సోదరి లేఖతోపాటు ఒక ప్రకటనను పంపినది. రుసుము చెల్లించినచో ఏదో యొక దేశమునకు గొనిపోయి, అనాథబాలల కడ రెండువారములు చదువు చెప్పనిచ్చి, సముద్రతీరమును చూపి తెత్తురట. దీనిలోనికి పోవలదు. నేపాళము, కంబోడియాలలో ఇట్టి యతిథుల ధనమునకాశపడి, తల్లిదండ్రులు బ్రతికియున్న పిల్లలను సయితము అనాథలని చెప్పి యాశ్రమములలో నుంచిన వృత్తాంతములు బయటపడినవి. వారమునకొక క్రొత్త "అమ్మ" వచ్చి, ముద్దుచేసి, పోవుచున్నచో ఆ బిడ్డల మనస్సేమగును? ఈ పనిలో చిరకాలానుభవము గలవారి పద్ధతి చూడుడు. ఇంగ్లండులో 1958లో మొదలైన స్వచ్ఛందసేవా సంస్థ తొలుత బడి విడిచిన పదునెనిమిదేండ్లవారిని పంపినది. తరువాత ఆ పద్ధతి విడిచి, వృత్తియందు ఆరితేరినవారినే పంపజొచ్చినది. అమెరికావారి శాంతిసేన 1961లో ఏర్పడినది; మూడునెలలు ఆ దేశపు భాషయు పనియు నేర్పి, రెండేండ్లు అచ్చటనే యుండుమందురు. మనదేశమునకును 1976 వరకు వచ్చిరి. రెండేండ్ల పనిని రెండు వారములలో చేయుదుమనువారిని నమ్మవలదు.

కావున ఆ సోదరి పిలిచినవారికి ముందుగా లేఖ వ్రాయవలెను. ఏడాది పొడుగున బడి నడుపువారెవరు? వారికి మేము రావలెనని యున్నదా, లేక సమాజపు పెద్దల యిష్టమా? పిల్లలు పుస్తకమున నెన్నవ పాఠమున నున్నారు? మా కంటె ముందు వచ్చినవా రేమి చెప్పి పోయిరి? ఈ నాలుగింటికి బదులు రాకున్న పెట్టె సర్దవలదు. సందర్శకుల యనుమతిపై పోయి బోధించుట, జీతము లేకున్నను, కొన్ని దేశములలో నేరమగును; అందుచేత ఏ యనుమతి కావలెనో పిలిచినవారినుండి వ్రాతమూలముగా తెప్పించుకొనవలెను. ప్రభుత్వోద్యోగిని గాన పైయధికారుల నిరభ్యంతరపత్రము లేక దేశము విడువరాదు. విమానపు టిక్కెట్టు తన ధనముతో కొనుట మేలు. ఆతిథ్యమిచ్చు కుటుంబము పేదదైనచో, పోవునపుడే బియ్యము పప్పుల ఖర్చునకు ఇంటి యిల్లాలి చేతికి కొంత ధనమీయవలెను. సమాజపు కోశాధికారి చేతికి గాదు.

పట్టుకొనిపోవలసినవి: అచ్చు పెద్దదిగా నున్న పిల్లల కథల పుస్తకములు, ఒకే పుస్తకము పదిప్రతులు. పది వేర్వేరు పుస్తకములవలన బడికి ప్రయోజనము లేదు. పట్టుచీరలు అక్కరలేదు, ఉన్నికోటు కావలెను. మే మది తీసికొనిపోక, మారిషసు చలిలో మందిరపు తివాచీ కప్పుకొంటిమి.

వచ్చిన తరువాత పని యున్నది, దానినెవ్వరు చెప్పరు. ఆ ఉపాధ్యాయిని నెలకొకమారు తన ప్రశ్నలను కాగితముపై చేతితో వ్రాసి, ఛాయాపటము దీసి ఫోనులో పంపును. మాకంటె గడియారము గంటన్నర వెనుక గాన, ఆమె బడి ముగియునప్పటికి మాకు వంటయిల్లు సర్దు వేళ. శనివారములలో మాయింటివారును మేమును కూర్చుండి సమాధానములు వ్రాయుదుము. ఎదుటింటి సోదరి కుమారుడు కొన్నిమారులు వానిని శుభ్రప్రతి వ్రాసి యిచ్చును. వాని చేవ్రాత మా యిద్దరిదానికంటె మేలు. ఈ నెల వచ్చిన ప్రశ్నలు పదునాలుగు. వానిలో మూడింటివిషయమున మాయింటివారికిని మాకును ఇంకను ఏకాభిప్రాయము కుదురలేదు.